సంపాదకుని మాట: మెట్ల పక్కన లిఫ్టు

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ మూలన ఉన్న సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చి 1726లో పూర్తయింది. చెన్నై ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ చర్చి చూసినవాళ్లకి ఈ లండన్ చర్చి ముఖం కొత్తగా అనిపించదు. దాని వాస్తుశిల్పి జేమ్స్ గిబ్స్ 1728లో అచ్చువేసిన నమూనాల పుస్తకం సముద్రాలు దాటింది. స్తంభాలతోపాటు మెట్లూ వచ్చేశాయి!

2008లో ముగిసిన మార్పుల్లో లండన్ వాళ్లు ఆ స్తంభాల వరసని ముట్టుకోలేదు. చర్చి పక్కన చిన్న గాజు మంటపం కట్టారు. అందులోంచి మెట్లూ లిఫ్టూ రెండూ నేలమాళిగలోకి దిగుతాయి. ఒకప్పుడు సమాధులున్న కమానుల కింద ఇప్పుడు కాఫీ, భోజనం, అప్పుడప్పుడు కచేరీలు. నిలువ నీడ లేనివాళ్లని ఆదుకునే కేంద్రమూ ఆ ఆవరణలోనే. ఖర్చు 3.6 కోట్ల పౌండ్లు. అంత సొమ్ము మనకెక్కడిది అంటే, నిజమే. నాకు నచ్చింది మాత్రం చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకి పెరటి గుమ్మం చూపకపోవడం.

మన పాత గుళ్లు, మసీదులు, చర్చిల మీద ఈ సంచికలో రాసినవాళ్లందరినీ మేం మొదట అడిగింది ఒకటే: మీ అమ్మమ్మ లోపలికి ఎలా వెళ్తుంది?