గ్రీన్ హైడ్రోజన్‌కు నీళ్లు ఎక్కడివి?

పదో తరగతి పిల్లలు వేయగల లెక్కే ఇది. నీటిని కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 9 లీటర్లు కావాలి. శుద్ధి చేయడానికీ, యంత్రాలను చల్లబరచడానికీ కలిపితే 20 దాటొచ్చు. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తీయాలని కేంద్రం 2023లో లక్ష్యం పెట్టుకుంది. 20 చొప్పున వేసుకున్నా మూడున్నర టీఎంసీలు. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం ఒక్క చెన్నైకే ఏటా 12 టీఎంసీలు రావాలి (వస్తున్నాయా అన్నది వేరే సంగతి). దేశం మొత్తమ్మీద భయపడేంత లేదు.

చిక్కల్లా చోటుతోనే. 2025లో చిన్న నమూనా ప్లాంటు మొదలైన తూత్తుకుడినే చూడండి. ఎండకూ గాలికీ కొదవ లేదు, వానలే తక్కువ. తామ్రపర్ణి మీద ఇప్పటికే పొలాలూ ఊళ్లూ ఆధారపడ్డాయి. పక్కనే సముద్రం ఉంది కదా! వెయ్యి లీటర్ల సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి 3, 4 యూనిట్లు చాలు. కిలో హైడ్రోజన్‌కేమో 50 యూనిట్లకు పైనే. ఇంత ఖర్చులో అదెంత? నదిని ముట్టుకోవడం దేనికి?

కాకపోతే లీటరు మంచినీటికి లీటరు పైగా చిక్కటి ఉప్పునీరు మిగులుతుంది. దాన్ని తీరంలో ఎక్కడ వదులుతారని జాలర్లు ఇప్పుడే అడగాలి.