ఏ క్యాన్సర్ అని ఎవరూ అడగలేదు

మూడేళ్ల కిందట మా చిన్నమ్మకు గొంతు దగ్గర చిన్న గడ్డ లేచింది. రాయవేలూరు తీసుకెళ్తే థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. సాయంత్రానికి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నిండా దండాల ఎమోజీలు. మర్నాటి నుంచి పాకాలలో వాళ్లింటికి చుట్టాలు క్యూ కట్టేశారు. చేతిలో యాపిల్ పండ్లు, కళ్లలో నీళ్లు. "ఉన్నన్నాళ్లు నోటికి నచ్చింది తినక్కా" అని ఒకావిడ. "కూతురి పెండ్లి ముందరే చేసేస్తే మేలు" అని ఇంకొకావిడ, అదీ చిన్నమ్మకు వినిపించేట్టు. ఏ రకం, ఎంత ముదిరింది అని మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

చిన్నమ్మకు వచ్చింది పాపిల్లరీ రకం. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. నెమ్మదిగా పెరుగుతుంది. అమెరికా లెక్కల్లో దీని ఐదేళ్ల సర్వైవల్ రేటు 98 శాతం పైనే. అదే పాంక్రియాస్ క్యాన్సర్‌కైతే 13 శాతం దగ్గర. మనం మాత్రం రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తాం. తేలు కుట్టినా, కట్లపాము కరిచినా పల్లెలో 'పురుగు ముట్టింది' అంటారు చూడండి, అట్లా.

తప్పు చుట్టాలది కూడా కాదులెండి. 'ప్రేమాభిషేకం' (1981) చూసి ఏడ్చిన తరం వాళ్లది. హీరోకు క్యాన్సర్ అంటే ఇక క్లైమాక్సే. ఆ తర్వాత 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చింది. బ్లడ్ క్యాన్సర్లలో ఒక రకం, సీఎంఎల్, చాలామందికి బీపీలాగా రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి బతికే జబ్బయింది. ఆ సంగతి మీద తెలుగులో సినిమా నేనైతే చూడలేదు.

పేరొక్కటే తెలిస్తే కూడా చాలదు. రొమ్ము క్యాన్సర్ రొమ్ము దాటకముందే దొరికితే ఐదేళ్ల సర్వైవల్ 99 శాతం పైనే. దూరపు అవయవాలకు పాకాక అది మూడో వంతుకు పడిపోతుంది. ఇవీ అమెరికా లెక్కలే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తయారవడానికి ఏళ్లు పడుతుంది, పరీక్షలో ముందే దొరుకుతుంది. అయినా 2022లో మన దేశంలో దాదాపు 80 వేల మంది ఆడవాళ్లు దాంతో పోయారు. స్విమ్స్ వాళ్ల పింక్ బస్సు ఊళ్లకే వస్తుంది కదా, వెళ్లమ్మా అంటే మా అమ్మే "నాకేం, బాగానే ఉండా" అంది.

చిన్నమ్మను చూడటానికి వచ్చినవాళ్లలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది మా మామ. చెల్లెలంటే ప్రాణం ఆయనకు. పదిహేనేళ్లుగా గుట్కా. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోదు. ఆ రోజు కాఫీ తాగుతూ మంట అంటే బుగ్గ లోపలికి చూశా. తెల్లటి మచ్చ. "వేడి చేసిండాది, అంతేరా" అన్నాడు. చూపించుకో మామా అని గట్టిగా చెప్పలేకపోయా. అంత పెద్దాయనకు నేనేం చెప్పేది అనిపించింది. పైగా క్యాన్సర్ వచ్చింది చిన్నమ్మకు కదా!

ఎనిమిది నెలలకు మెడలో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ పెట్టారు. ఏడాదిన్నర ఉన్నాడు.

ఆయన సంవత్సరీకానికి వంటంతా చేసింది చిన్నమ్మే. పొద్దున్నే లేచి థైరాయిడ్ మాత్ర వేసుకుని పొయ్యి వెలిగించింది. కూతురి పెండ్లి ఇంకా చేయలేదు, ఎంబీఏ చదువుతోంది.

మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఒక ఫ్రెండు "నోట్లో పుండు, నెలైంది మచ్చా, తగ్గట్లేదు" అన్నాడు. అక్కడే ఫోన్ టార్చి వేసి నోరు తెరవమన్నా. టీ కొట్టాయన విచిత్రంగా చూశాడు. సోమవారం పొద్దున ఓపీకి ఇద్దరం వెళ్తున్నాం.