సిమెంటు పెట్టని గచ్చు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఏడవ తరగతి చదివే అమ్మాయి వ్రాసినది. ఉత్తరం అరఠావు కూడా లేదు గాని అందులో ఒక ఇంటి తగవంతా ఉన్నది. వాళ్ల ఇంటిని ఆనుకుని కారు షెడ్డు ఉన్నదట. అందులో సిమెంటు గచ్చు వేసి ఇరవై ఏళ్లు దాటిందట. ఊడ్చినప్పుడల్లా బూడిదలాగా పొడి లేస్తుంది. పెచ్చులు ఊడిపోతున్నాయి. వెనక చక్రం నిలిచే చోట పళ్లెమంత గుంట పడి వానాకాలమంతా నీళ్లు నిలుస్తున్నాయి. నాయనమ్మ పెరట్లోకి పోవాలంటే ఆ షెడ్డులోంచే పోవాలి. పోయిన వానల్లో ఆ గుంట దగ్గరే కాలు జారి పడి, మణికట్టు విరిగి, నెలన్నర కట్టుతో ఉన్నదట.

అందుకని వాళ్ల నాన్నగారు పాత గచ్చు తవ్వించి ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేయిస్తానంటున్నారు. తాతగారు ఒప్పుకోవటం లేదు. "సిమెంటు పెట్టకుండా ఇసుక మీద పేర్చిన బిళ్లలు కారెక్కగానే తలోవైపుకూ పోతాయి. ఒక్క బిళ్ల పైకి లేచిందంటే ఈసారి మీ నాయనమ్మకు విరిగేది మణికట్టు కాదు, నడుమే," అంటున్నారట. "ఇద్దరిలో ఎవరి మాట నిజం మాస్టారూ?" అని ఆ అమ్మాయి అడిగింది.

మంచి ప్రశ్న. తాతగారిది చాదస్తమని మాత్రం అనుకోకండి. ఆయన సందేహంలో సగం సరియైనదే. ఆ సగం ఏదో నిదానంగా చూద్దాం.

ముందు పాత గచ్చు ఎందుకు చెడిందో తెలియాలి. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిమెంటు నీటితో కలిసి రసాయనికంగా మారి గట్టిపడుతుంది. అందుకే మేస్త్రీలు కొత్త గచ్చు మీద తడి గోతాలు కప్పి, మళ్లు కట్టి, రోజుల తరబడి నీళ్లు పెడతారు. ఈ మార్పుకు కావలసిన నీరు సిమెంటు బరువులో దాదాపు నాలుగో వంతు మాత్రమే. కాని అంత తక్కువ నీటితో కలిపితే ముద్ద బిరుసుగా ఉండి తాపీకి లొంగదు. "పోయరా ఇంకో చెంబెడు!" అంటాడు మేస్త్రీ. ఎక్కువైన ఆ నీరంతా తరువాత ఆవిరై పోతూ, తానున్న చోట కంటికి కనిపించని బొక్కలు వదిలి పోతుంది. పైకి తేలిన నీటితో పాటు సన్నని పొడి కూడా పైకి వచ్చి అక్కడే పొరలాగా నిలుస్తుంది. ఆ పొరకు బలం ఉండదు. చీపురుకు లేచే బూడిద అదే.

ఇక గుంట సంగతి. అది గచ్చు చేసిన తప్పు కాదు, దాని కింద ఉన్న మట్టి చేసినది. మట్టిని సరిగా దిమ్మిస కొట్టకుండా గచ్చు పోస్తే, ఏళ్లు గడిచేకొద్దీ మట్టి కుంగుతుంది. నల్లరేగడి నేలలైతే మరీ కష్టం. కృష్ణా, గుంటూరు ప్రాంతాల పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే నేల అది. గచ్చు అంతా ఒకే పలక. కింద నేల కదిలితే తానూ వంగాలి. కాంక్రీటు నొక్కుడుకు ఎంతో ఓర్చుకుంటుంది గాని లాగుడుకు ఓర్వలేదు. లాగుడు విషయంలో దాని బలం నొక్కుడు బలంలో దాదాపు పదో వంతే. పలక వంగినప్పుడు ఒక ముఖం నొక్కుకుంటుంది, రెండో ముఖం సాగుతుంది. సాగిన వైపు బీట వారుతుంది.

దీన్ని మీరే చూడవచ్చు. కాల్చిన అప్పడం ఒకటి తీసుకుని మెత్తని దిండు మీద పెట్టి, నడుమ వేలితో నొక్కండి. పెళుక్కున విరుగుతుంది. అదే దిండు మీద చింతపిక్కలు దగ్గర దగ్గరగా పేర్చి నొక్కండి. దిండు కుంగుతుంది, పిక్కలూ దానితో కుంగుతాయి, కాని ఒక్క పిక్కా విరగదు. వేలు తీస్తే మళ్లీ పైకి వస్తాయి. (అప్పడం తినేయండి. పిక్కలు మాత్రం దాచండి, గవ్వలాటకు పనికి వస్తాయి.)

బిళ్లల నేలలోని మొదటి రహస్యం ఇదే. అది ముందుగానే విరిగి ఉన్న గచ్చు! విరగవలసిన చోట్లన్నీ మనమే ముందుగా సన్నని సందులుగా ఏర్పాటు చేశాము. ఇక నేల కొంచెం కదిలినా కొత్తగా విరగవలసిన అవసరం ఉండదు.

ఈ పద్ధతి హాలెండు దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది. అక్కడి నేలలో చాలా భాగం మెత్తన, కుంగుతూ ఉంటుంది. అందుచేత వీధులకు కాల్చిన ఇటుకలు పరిచేవారు. నేల కుంగిన చోట ఇటుకలు ఎత్తి, కింద ఇసుక నింపి, మళ్లీ అవే పరుస్తారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కూలిపోయిన ఇళ్లు కట్టుకోవటానికే ఇటుకలు చాలలేదు. అప్పుడు వీధులకు కాంక్రీటు బిళ్లల వాడకం పెరిగింది. ఆ తరువాత 1960 దశకంలో జర్మనీలో ఒకదానితో ఒకటి పెనవేసుకునే వంకర అంచుల బిళ్లలు వచ్చాయి. ఇవాళ మన పెట్రోలు బంకుల్లో, బస్టాండుల్లో, కాలిబాటల మీద మీరు చూస్తున్నవి వాటి సంతతివే.

వంకర అంచులు ఎలా అమరుతాయి? ఒక పోస్టుకార్డు తీసుకోండి. ఎడమ అంచులో మీకు తోచిన ఆకారంలో ఒక ముక్క కత్తిరించండి. ఆ ముక్కను తిప్పకుండా అలాగే నేరుగా జరిపి, కుడి అంచుకు సరిగ్గా ఎదురుగా అంటించండి. అదే అచ్చుతో మరికొన్ని అట్టలు కత్తిరించి పక్కపక్కన పెట్టండి. ఒకదాని పన్ను ఇంకొకదాని నోట్లో దూరుతుంది, మధ్య జాగా మిగలదు. కార్డు వైశాల్యం మారిందా? మారలేదు. తీసినదే మళ్లీ పెట్టాము గదా!

భుజాలూ కోణాలూ సమానంగా ఉన్న బిళ్లలైతే మూడు, నాలుగు, ఆరు భుజాలవి మాత్రమే ఖాళీ లేకుండా నేలను కప్పుతాయి. ఒక బిందువు చుట్టూ 360 డిగ్రీలు నిండాలి. షడ్భుజం కోణం 120, మూడు కలిస్తే 360. పంచభుజం కోణం 108, మూడు కలిస్తే 324. నాలుగోది పట్టదు, మూడు చాలవు. పంచభుజాల టైల్స్ బజారులో ఎందుకు దొరకవో ఇప్పుడు తెలిసిందా?

ఇప్పుడు తాతగారి ప్రశ్నకు వద్దాం. అంచుల ఆకారం బిళ్లను పక్కకు పోనివ్వదు, సరే. మరి చక్రం ఎక్కినప్పుడు ఆ ఒక్క బిళ్ల కిందికి దిగిపోదా? దాన్ని ఆపేది ఏమిటి?

ఇసుక. కింద ఉన్న ఇసుక కాదు, సందుల్లో ఉన్న ఇసుక. ఇది చెబితే పెద్దవాళ్లు కూడా నమ్మరు. కనుక ప్రయోగం చేద్దాం. మూతి సన్నగా ఉన్న చెంబు ఒకటి తీసుకుని అంచుదాకా బియ్యం పోయండి. నున్నగా లేని కర్ర ఒకటి తీసుకుని బియ్యంలో పొడవండి, తీయండి, మళ్లీ పొడవండి. తగ్గిన బియ్యం నింపుతూ ముప్పై నలభై సార్లు అలా చేయండి. గింజలు బిగుసుకుంటాయి. చివరికి కర్రను లోతుగా దించి నెమ్మదిగా పైకెత్తితే చెంబంతా దానితో లేచి వస్తుంది! పూర్వం గారడీవాళ్లు చాకుతో చేసి డబ్బులు అడిగేది ఈ విద్యే. జిగురు లేదు, ముడి లేదు, గింజల రాపిడి మాత్రమే.

బిళ్లల సందుల్లో సన్నని ఇసుక సరిగ్గా ఇలాగే బిగుసుకుంటుంది. చక్రం ఒక బిళ్లను నొక్కితే ఆ బిళ్ల రాపిడి వల్ల పక్క బిళ్లలను కూడా లాగుతుంది. అవి వాటి పక్కవాటిని లాగుతాయి. చిన్న కారు బరువు 1200 కిలోలనుకుంటే చక్రానికి సుమారు 300 కిలోలు. ఆ బరువు ఒక్క బిళ్ల మీద నిలవక నాలుగు వైపులా పాకిపోతుంది. సందు మరీ వెడల్పయితే ఇసుక బిగియదు. అసలు సందే లేకపోతే ఇసుక దూరదు, బిళ్లల అంచులు ఒరుసుకుని పగులుతాయి. 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

తాతగారి మాటలో నిజమైన సగం ఏదంటే, అంచు. ఎంత బాగా పేర్చినా చివరి వరుసను పట్టి ఉంచేది లేకపోతే బిళ్లలు రోజుకో నూలు చొప్పున జరుగుతాయి, సందులు విచ్చుకుంటాయి, ఇసుక జారిపోతుంది. అప్పుడు ఆయన చెప్పినట్లే అవుతుంది. షెడ్డుకు మూడు వైపులా గోడలున్నా నాలుగో వైపు, అంటే కారు ఎక్కే గుమ్మం దగ్గర, ఏమీ ఉండదు. చక్రం తోసేది అక్కడే. అక్కడ నేలలోకి దించి కాంక్రీటు కట్టు పోయించాలి. మేస్త్రీలు తరచుగా ఎగగొట్టే పని ఇదే. కాబట్టి తాతగారు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోవటం మంచిది.

పని జరిగే క్రమం చెబుతాను. పాత గచ్చు పగలగొట్టి, జానెడు లోతు మట్టి తీసి, అడుగును నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. పైన రాతిపొడి కలిసిన కంకర 10 నుంచి 15 సెంటీమీటర్లు పోసి మళ్లీ గట్టిగా అణచాలి. ఆ తరువాత 3 సెంటీమీటర్ల ఇసుక పోసి, బద్దతో చదును చేయాలి. చదును చేసిన ఇసుక మీద ఎవరూ అడుగు పెట్టకూడదు, పిల్లి అయినా సరే! గుమ్మం వైపు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. షెడ్డు పొడవు ఐదున్నర మీటర్లయితే ఈ చివరికీ ఆ చివరికీ 11 సెంటీమీటర్ల తేడా. కంటికి తెలియదు గాని నీటికి తెలుస్తుంది.

బిళ్లల మందం సంగతిలో గట్టిగా ఉండాలి. మన దేశంలో 2006లో వెలువడిన ప్రమాణం ప్రకారం 50 మిల్లీమీటర్లవి మనుషులు నడిచే చోట్లకు, 60 మిల్లీమీటర్లవి తేలిక బండ్లకు, 80 అంతకంటె బరువైన రాకపోకలకు. కారుకు 60 కావాలి. దాని కాంక్రీటు చదరపు సెంటీమీటరుకు సుమారు 350 కిలోల నొక్కుడు ఓర్చుకోవాలి. చదరపు సెంటీమీటరంటే మీ గోరంత. ఆ గోరంత చోటు ఒక చక్రం బరువంతా మోయగలదన్నమాట. బిళ్లలు సాదా దీర్ఘచతురస్రాలైతే వరుసగా పేర్చవద్దు. ఒకటి అడ్డం, ఒకటి నిలువుగా, చేపముల్లులాగా అల్లాలి. వరుసలుగా ఉంటే బ్రేకు వేసినప్పుడు వరుసకు వరుసే జరుగుతుంది. అల్లికలో పొడుగాటి సందే ఉండదు గనుక జరగటానికి దారి దొరకదు.

అన్నీ పేర్చాక అదిరే యంత్రంతో అణచి, ఎండిన సన్నని ఇసుక ఊడ్చి సందులు నింపి, మళ్లీ అణచి, మళ్లీ నింపాలి. ఒక్కసారితో నిండవు. మొదటి నెలలో పైపుతో జోరుగా నీళ్లు కొట్టి కడగవద్దు. తరువాత కూడా చీమలు ఇసుకను మోసుకుపోతూ ఉంటాయి. ఏడాదికొకసారి గుప్పెడు చల్లి ఊడవాలి.

ఒక సంగతి తప్పక చెప్పాలి. అంచుల్లో బిళ్లలు కోసేటప్పుడు తెల్లని దుమ్ము లేస్తుంది. అందులోని సన్నని ఇసుకరాతి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక బయటికి రాదు, మనిషిని లోపల్నుంచి చెరుపుతుంది. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము అణుగుతుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకోవటం చాలదు. మీరు ఆ దరిదాపులకు పోకండి. కోసే మనిషి కూడా ఎవరింటి నాన్నో గదా, నీటి బక్కెట్టు ఆయన దగ్గర పెట్టించండి.

కొందరు గచ్చు తవ్వకుండానే, కొక్కేలతో టకటకా బిగిసే ప్లాస్టిక్ పలకలు పరుస్తారు. పాత గచ్చు గట్టిగా ఉండి పైన మాత్రమే అరిగితే అది బాగానే ఉంటుంది. వేడికి సాగుతాయి గనుక గోడల దగ్గర కొంచెం జాగా వదలాలి. మెత్తని పి.వి.సి. పలకలకు టైర్ల మరక పడుతుంది, అది ఏ సబ్బుకూ పోదు. మన అమ్మాయి ఇంట్లో గుంట పడింది, అంటే నేలే కుంగింది. కుంగిన నేల మీద ఏం పరిచినా మళ్లీ కుంగుతుంది. అక్కడ తవ్వక తప్పదు.

నాయనమ్మకు కావలసింది రెండే. ఏ బిళ్లా పక్కదానికంటె ఎత్తుగా ఉండరాదు. నేల జారుగా ఉండరాదు. మొదటిదానికి, పని అయిన రోజున నిటారైన బద్దను నేల మీద పెట్టి అన్ని వైపులా జరుపుతూ చూడండి. కింద వెలుతురు కనిపించినా, బద్ద తట్టుకున్నా, అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. మేస్త్రీ ఉండగానే ఆ బిళ్ల తీసి సరి చేయించవచ్చు. రెండోదానికి, నూనె కారితే వెంటనే రంపపు పొట్టు చల్లి తీసేయాలి. మరక ఎంతకూ పోకపోతే ఆ ఒక్క బిళ్ల ఎత్తి కొత్తది పెట్టవచ్చు. అందుకని ఒక పాతిక బిళ్లలు వేరే దాచి ఉంచమనండి. నేల కింద నీళ్ల గొట్టం పగిలినా ఇంతే, తీసి, బాగు చేసి, మళ్లీ పరచటమే. పాత గచ్చయితే గునపం పట్టవలసి వచ్చేది.

ఇక లెక్క. షెడ్డు 3 మీటర్ల వెడల్పు, ఐదున్నర మీటర్ల పొడవు. బిళ్ల 20 సెంటీమీటర్లు × 10 సెంటీమీటర్లు × 6 సెంటీమీటర్లు. కాంక్రీటు బరువు ఘనపు మీటరుకు 2400 కిలోలు. సందులు లెక్కలోకి తీసుకోకుండా ఎన్ని బిళ్లలు కావాలి? వాటన్నిటి బరువెంత? 825 బిళ్లలు, 2376 కిలోలు వస్తే మీ లెక్క సరియైనదే. అంటే ఆ నేల తాను మోయబోయే కారుకు దాదాపు రెండింతల బరువన్నమాట! చేపముల్లు అల్లికలో అంచులకు ఎన్ని సగం బిళ్లలు కోయవలసి వస్తుందో గళ్ల కాగితం మీద గీసి చూచి, నాకు వ్రాయండి. ఆ అమ్మాయి మాత్రం గీయకుండా తన షెడ్డులోనే లెక్కపెట్టి వ్రాయవచ్చు.