నాటకానికి టిక్కెట్టు కొందాం, టైముకు తెర తీయిద్దాం!

నాటకాభిమానులకు, సమాజాల వారికి, పరిషత్తుల నిర్వాహకులకు, కళాక్షేత్రాల అధికారులకు విజ్ఞప్తి.

ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకంటే ఏడున్నరకే మొదలవుతుంది. మంత్రిగారు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారని టాస్ ఆపరు. మన దగ్గర నాటకం ఆరున్నరకని ఆహ్వానపత్రికలో వేస్తారు. ఆరున్నరకు వెళ్తే మైకు టెస్టింగ్ జరుగుతూ ఉంటుంది. ఏడింటికి జ్యోతి ప్రజ్వలన. ఆపైన అధ్యక్షులవారి తొలిపలుకులు, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. ఎనిమిదిన్నరకు తెర లేచేసరికి సన్మానం చేయించుకున్నవాళ్లూ, వాళ్ల వెంట వచ్చినవాళ్లూ శాలువాలు మడతపెట్టుకుని గుమ్మం వైపు నడుస్తుంటారు. ఐదింటికే మేకప్ వేసుకుని తెర వెనక కూర్చున్న నటుడికి కణతల దగ్గర రంగు చెమటకు చారలు కట్టి ఉంటుంది. అతను ఖాళీ కుర్చీలకు నటిస్తాడు. మనం ఇంటికొచ్చి, జనానికి క్రికెట్ పిచ్చి పట్టింది, నాటకం ఎవడు చూస్తాడని నిట్టూరుస్తాం.

ఈ మాట మానేద్దాం. క్రికెట్ అభిమానిని తిట్టి ఒక్క ప్రేక్షకుణ్ణి కూడా తెచ్చుకోలేం. అతను జేబులోంచి డబ్బు తీసి టిక్కెట్టు కొంటున్నాడు. ఎవరు ఆడాలో, ఎవర్ని కూర్చోబెట్టాలో వారం ముందు నుంచే వాదిస్తున్నాడు. ఓడితే మర్నాడు కెప్టెన్‌ని ఏకిపారేసి, తర్వాతి మ్యాచ్‌కి మళ్లీ వెళ్తున్నాడు. బెంగళూరు జట్టు 2008లో ఆడటం మొదలుపెడితే 2025లో గానీ ఐపీఎల్ కప్పు కొట్టలేదు. అన్నేళ్లూ వాళ్ల అభిమానులు స్టేడియం నింపుతూనే ఉన్నారు. మనమో, ఒక్క నాటకం బాగాలేకపోతే ఏడాది దాకా ఆ హాలు ఛాయలకు పోం. పోయినప్పుడు కూడా పాసు అడిగి పుచ్చుకుంటాం.

మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో తెలీదు, నాటకం కథ తెలిసిందే కదా అంటారు కొందరు. కాటిసీనులో హరిశ్చంద్రుడికి చివరికి ఏమవుతుందో తెలియనివాడు మన ఊళ్లలో ఎవడున్నాడు? అయినా చాపలు పట్టుకుని వెళ్లి తెల్లవార్లూ కూర్చున్నారు. ఈ రాత్రి ఈ నటుడు ఆ పద్యాన్ని నిలబెడతాడా, గొంతు జారుతుందా అన్నదే వాళ్లకు కావాల్సింది. హార్మోనిస్టు కూడా నటుడి మొహంలోకి చూస్తూ, హార్మోనియం మెట్ల మీద వేలు ఆనించి, ఎటు వెళ్తాడా అని కాచుకుని ఉండేవాడు. పైగా, స్టేడియంలో పై గ్యాలరీ నుంచి ఆటగాడు చీమంత కనిపిస్తే మనం పెద్ద తెర చూసుకోవాల్సిందే. నాటకంలో మూడో వరుసలో కూర్చుంటే నటుడు ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తుంది.

అభిమానం అంటే ఏమిటో తెలుగువాడికి కొత్తగా నేర్పనక్కర్లేదు. పేరున్న ఆటగాళ్లను తలా ఒక ఊరి నుంచీ కొనుక్కొచ్చి జట్టు కట్టడం ఐపీఎల్ వాళ్లు కనిపెట్టారనుకుంటాం గానీ, మన కాంట్రాక్టు నాటకాల వాళ్లు ఆ పని ఎప్పుడో చేశారు. ఒకే రాత్రికి మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు. కృష్ణ వేషంలో పీసపాటి గొప్పా, షణ్ముఖి గొప్పా, ఈలపాట రఘురామయ్య గొప్పా అని అరుగుల మీద తగువులు. వన్స్ మోర్ అంటే పద్యం మళ్లీ పాడాల్సిందే. అందులో చెడూ లేకపోలేదు. రిహార్సల్ లేకుండా వేదిక మీదే కలుసుకున్న నటుల రాగాల పోటీలో నాటకం నలిగిపోయేది. ఆ సాగతీత తిరిగి రావాలని మేం అనడం లేదు. ఆనాటి ప్రేక్షకుడి పట్టింపు రావాలి.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టాక నాటక పోటీల వల్ల మేలు జరిగింది. కొత్త రచయితలొచ్చారు, నాటికలొచ్చాయి, నటన పదునెక్కింది. కానీ ఇవాళ ఒక నాటికను నెలల తరబడి రిహార్సల్ చేసి, పరిషత్తు నుంచి పరిషత్తుకు తిప్పి, న్యాయనిర్ణేతల ముందు ఆడి, బహుమతి పుచ్చుకుని అటకెక్కిస్తున్నారు. ఆడిన ఊళ్లోనే రెండోసారి చూద్దామంటే ఆ నాటిక దొరకదు. ఆటగాళ్లున్నారు, అంపైర్లున్నారు, గ్యాలరీయే లేదు.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి పట్టణంలో, ఉన్న కళాక్షేత్రంలోనే, నెలకు ఒక శనివారం నాటకానికి కేటాయించాలి. ఆరు నెలల పట్టిక ముందే అచ్చువేయాలి. వంద రూపాయల టిక్కెట్టు పెట్టి, వెనక వరుసలు విద్యార్థులకు ముప్ఫైకి ఇవ్వాలి. బహుమతులు తెచ్చుకున్న నాటికలను మళ్లీ పిలిపించి ఆడించాలి. హాలు అద్దె ముందే కట్టమంటే ఏ సమాజమూ నిలవదు. కాబట్టి మున్సిపాలిటీలు, సాంస్కృతిక శాఖ అడ్వాన్సు అడక్కుండా వసూళ్లలో వాటా తీసుకోవాలి. పన్ను వంక కుదరదు. ఐపీఎల్ టిక్కెట్టు మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. నాటకానికి ఐదొందల లోపు టిక్కెట్టు మీద అసలు జీఎస్టీయే లేదు.

డబ్బిచ్చి నాటకం ఎవరు చూస్తారంటారా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాలు తరతరాలుగా టిక్కెట్టు డబ్బుల మీదే బతికాయి. పుణెలో, ముంబైలో మరాఠీ కుటుంబాలు శని, ఆదివారాల్లో టిక్కెట్టు కొని నాటకానికి వెళ్తాయి. 2004లో తెరిచిన బెంగళూరు రంగశంకర నాటకశాలలో నాటకం మొదలయ్యాక వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు. ఆ పద్ధతి మన దగ్గర పెడితే ముందుగా గేటు బయట నిలబడేది మన ముఖ్య అతిథులే!

సన్మానాలు వద్దనడం లేదు, నాటకం అయ్యాక చేసుకోవచ్చు. వాటికన్నా ముందు ఒక పావుగంట ప్రేక్షకుల చేతికి మైకివ్వండి. ఊరికే అద్భుతం, అమోఘం అనకుండా, రెండో సీను సాగిందనీ, ఫలానా పాత్ర మాట వెనక వరుసకు వినబడలేదనీ చెప్పనివ్వండి. క్రికెటర్లు రోజూ పడుతున్న మాటలే ఇవి. నటులకేం కాదు.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఈసారి ఆ రోజున ఉపన్యాసాల సభ కాకుండా, ఊరికొక టిక్కెట్టు నాటకం పడేలా మీ ఊరి సమాజాన్నీ, మున్సిపల్ కమిషనర్‌నూ ఇప్పుడే అడగండి. ఎవరైనా పాసు చేతిలో పెట్టబోతే వద్దని చెప్పి, కౌంటరు ఎక్కడుందో కనుక్కోండి.

ఇట్లు,
కొందరు నాటకాభిమానులు