సాక్షి నోట చిన్న మాట

న్యాయస్థానములో పెద్ద మాటలకే విలువ యని మనము తలంతుము. లండను ఓల్డ్ బెయిలీ విచారణల ముద్రిత నివేదికలు (1674–1913) చూచినచో, ‘అండ్’ అను చిన్న మాటతోనే ప్రశ్నకు ప్రశ్న ముడిపడుట కానవచ్చును.

మన తెలుగున అంతకంటె చిన్నది ‘ట’. ‘వచ్చిండు’ అన్నవాడు కన్నవాడు. ‘వచ్చిండట’ అన్నవాడు విన్నవాడు. ఇదే భావమునకు ఉర్దూలో ‘సునా హై కే’ అని వేరుగా పలుకవలెను. 1872 నాటి సాక్ష్య చట్టము గాని, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము గాని, విన్న మాటను సాధారణముగా సాక్ష్యముగా అంగీకరింపవు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెవాసి పలుకు ఆంగ్లములోనికి మారునపుడు ఆ ‘ట’ జారినచో విన్నవాడు కన్నవాడగును. నిర్దోషి శిక్షపాలు కావచ్చును.

వకీళ్లు కాగోరు విద్యార్థులారా! వ్యాకరణమును పరీక్ష కొరకే గాక, న్యాయము కొరకును చదువవలెనని మా మనవి.