మంచు పట్టని ఫ్రీజరు

ఇండియన్ స్టోరు గంటన్నర దూరంలో ఉన్నవాళ్ళకి రెండో ఫ్రీజరు విలాసమేమీ కాదు. మునక్కాడ ముక్కలు, కొబ్బరి కోరు, గోంగూర అన్నీ నెలకి సరిపడా తెచ్చి దాచుకోవాల్సిందే. కొనబోతే షాపులో మొదట అడిగేది, ఫ్రాస్ట్ ఫ్రీయా, మాన్యువల్ డీఫ్రాస్టా అని.

ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచు అసలు పుట్టదని కాదు. వెనకాల దాగి ఉన్న చల్లటి గొట్టాల మీద తేమ గడ్డకడుతూనే ఉంటుంది. కొన్ని గంటలకోసారి ఓ చిన్న హీటరు దాన్ని కరిగిస్తుంది. ఆ నీళ్ళు కింది పళ్ళెంలోకి జారి ఆవిరైపోతాయి. ఫ్యాను చల్లగాలిని లోపలంతా తిప్పుతుంది. మనకి పనేమీ లేదు. పనిమనిషి లేని దేశంలో ఇది తక్కువ సుఖమా!

కానీ ఆ హీటరూ ఫ్యానే మన వంటలకి శత్రువులు. హీటరు పనిచేసినప్పుడల్లా లోపల చలి కాస్త తగ్గి మళ్ళీ పెరుగుతుంది. ఐస్‌క్రీము పలుకులు కట్టేది అందుకే. పైగా ఆ పొడిగాలికి మంచు నీరవకుండానే నేరుగా ఆవిరవుతుంది, మూత సరిగ్గా పెట్టని డబ్బాలో కర్పూరం హరించుకుపోయినట్టు. డిగ్రీలో ఉత్పతనం అని చదువుకున్నది ఇదే. ట్రేలో ఐసు ముక్కలు చిన్నవైపోవడం మీరూ చూసే ఉంటారు. అమ్మ ఊరికి వెళ్ళేముందు చేసిపెట్టిన బొబ్బట్ల అంచులు అట్టముక్కల్లా అవుతాయి, చికెన్ మీద తెల్లమచ్చలు పడతాయి. తింటే ప్రమాదం లేదు, రుచే పోతుంది. ప్లాస్టిక్ రేపరు బిగించి చుట్టి, మందపాటి జిప్ సంచిలో గాలంతా నొక్కేసి పెడితే చాలావరకు ఆగుతుంది.

మాన్యువల్ చెస్ట్ ఫ్రీజరులో హీటరూ ఫ్యానూ ఉండవు. చలి నిలకడగా ఉంటుంది, కరెంటు తక్కువ, చప్పుడూ తక్కువే. అయితే మంచు పావు అంగుళం పట్టగానే అంతా ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తువ్వాళ్ళు పరిచి కరిగించాలి. చాకుతో గీకారో, గోడలోని గ్యాసు గొట్టానికి చిల్లుపడితే ఫ్రీజరే పోతుంది. అడుగున ఉన్నది తియ్యడానికి నడుం వంచక తప్పదు.

నా మటుకు, వారంలో వాడేసేవి వంటింటి ఫ్రాస్ట్ ఫ్రీలో, అమ్మ చేతివి గరాజ్‌లో చెస్ట్ ఫ్రీజరులో. రెండూ మైనస్ 18 సెల్సియస్, అంటే 0 ఫారెన్‌హీట్ మీదే. గరాజ్‌లో పెట్టేట్టయితే అక్కడి ఎండకీ చలికీ తట్టుకునే మోడలా అని అడగండి. తుఫానుకి కరెంటు పోతే మూత ముట్టుకోకండి. నిండుగా ఉన్న ఫ్రీజరు దాదాపు 48 గంటలు ఆగుతుంది, సగం నిండినది 24.