తరుగు ఎవరి ఖాతాలో?

వడ్లు కాంటా పెట్టే రోజుల్లో మా అల్లాదుర్గ్ చుట్టుపక్కల ఎవరిని పలకరించినా ముందు వచ్చే మాట తరుగు. నలభై కిలోల బస్తాకు కిలో ఎక్కువ జోకారనో, రెండు కిలోలు ఎక్కువ జోకారనో చెబుతారు. తాలు ఉందన్నారట, తేమ ఉందన్నారట. రైతు కాంటా పక్కనే నిలబడి బస్తా బస్తాకూ అంకె చూసుకుంటాడు. పోయే ప్రతి కిలో తన ఖాతాలోంచే పోతుందని ఆయనకు తెలుసు.

ఫ్యాక్టరీకీ తరుగు ఉంటుంది. లోపలికి వెళ్లిన ముడిసరుకంతా అమ్మే సరుకై బయటికి రాదు. కొంత తుక్కుగా, కొంత మురికినీరుగా, కొంత పొగగా పోతుంది. పోయిందెంత, దాని ఖరీదెంత, ఆ నష్టం చివరికి ఎవరి మీద పడింది అన్నది కిలోల్లో, రూపాయల్లో రాసిపెట్టడాన్నే పర్యావరణ లెక్కలు అంటున్నారు. పేరు కొత్తదైనా పని పాతదే. చిట్టా, ఆవర్జా రాసిన ఏ గుమస్తాకు చెప్పినా పది నిమిషాల్లో అర్థమవుతుంది.

జపాన్‌లో నిట్టో డెంకో అనే కంపెనీ ఉంది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో వాడే అంటుకునే టేపులు, ఫిల్ములు చేస్తుంది. జర్మనీలో పుట్టిన ఒక లెక్కల పద్ధతిని 2000 ప్రాంతంలో జపాన్‌లో మొదటగా పరీక్షించి చూసిన కంపెనీ ఇదే. మామూలు పద్దుల్లో, కత్తిరింపులో పోయిన టేపు ముక్కకు ముడిసరుకు ధర కడితే చాలనుకుంటారు. కొత్త లెక్కలో ఆ ముక్క మీద ఖర్చయిన కరెంటు, మనుషుల పని, యంత్రం అరుగుదల, దాన్ని పారేయడానికి అయిన ఖర్చు కూడా కలిపారు. చూస్తే తయారీ ఖర్చులో దాదాపు మూడో వంతు చెత్తను తయారు చేయడానికే పోతోందని తేలింది. అప్పటిదాకా ఆ కంపెనీలో ఎవరికీ ఆ సంగతి ఒక అంకెగా తెలియదు. తెలిశాక మూడు నాలుగేళ్లలో బాగా తగ్గించుకున్నారు. అదే పద్ధతి 2011లో ఐఎస్‌ఓ 14051 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది.

ఇది మంచి పద్ధతి. మన కంపెనీలు కూడా నేర్చుకోవాలి. కానీ ఇది ప్రహరీ గోడ లోపలి లెక్క. గోడ దాటి పోయినదాన్ని ఎవరు రాస్తారన్నదే నాకు ముఖ్యం.

మా చౌరస్తాలో హైదరాబాద్ బస్సెక్కితే జోగిపేట, సంగారెడ్డి దాటాక పటాన్‌చెరు వస్తుంది. 1970ల మధ్య నుంచి పెరిగిన పారిశ్రామికవాడ. మందుల, రసాయనాల కంపెనీలు బారులు తీరాయి. వాటి నీళ్లు నక్కవాగులో కలిశాయి, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. వాగు వెంట ఊళ్లలో బావులు చెడ్డాయి, పొలాలు పడావు పడ్డాయి, పశువులు చచ్చాయి. అక్కడ వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగులను చూసి చూసి, మందు రాయడంతో సరిపెట్టుకోలేక ఊళ్లను కూడగట్టి రోడ్డెక్కారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని ప్రకటించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి అయిన తర్వాతి నీళ్లవి!

ఆ కంపెనీల ఆడిట్ నివేదికలు ఏటా సక్రమంగానే ఉండి ఉంటాయి. లాభనష్టాల పట్టికలో నక్కవాగుకు గడి లేదు. పడావు పడ్డ పొలం నష్టం రైతు ఖాతాలో పడింది, రోగం ఖర్చు ఇంటి ఖాతాలో పడింది. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసంతో జనం రోగాల పాలైన విషయంలో ఆ దేశ పర్యావరణ సంస్థ తరఫున 1990ల మొదట్లో ఒక లెక్క వేశారు. ముందే జాగ్రత్త పడి ఉంటే అయ్యే ఖర్చుకు, జరిగిన నష్టం సుమారు వంద రెట్లుంది. ఆ వంద రెట్లలో ప్రాణాల విలువ ఎంతని కట్టగలరు?

మందుల కంపెనీల సంగతి వేరు, ఎలక్ట్రానిక్స్ శుభ్రమైన పరిశ్రమ కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. చట్టం కూడా కొంతవరకు అలాగే అనుకుంటోంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలను రంగులవారీగా విడదీసినప్పుడు, నీటితో పనిలేకుండా పూర్తి పొడి పద్ధతిలో ఎలక్ట్రానిక్ వస్తువులు బిగించే యూనిట్లను తెలుపు జాబితాలో పెట్టింది. తెలుపు జాబితా యూనిట్లకు మండలి అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. బిగించే షెడ్డు వరకే చూస్తే ఇందులో తప్పు లేదు. టంకం పొగ తప్ప అక్కడ కంటికి కనిపించేది తక్కువ.

అయితే బిగించడానికి వచ్చిన చిప్పు ఎక్కడో తయారైంది. 2002లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎరిక్ విలియమ్స్, ఆయన సహచరులు రెండు గ్రాముల మెమరీ చిప్పును తీసుకుని దాని వెనకాల లెక్క తవ్వారు. దాని తయారీకీ వాడకానికీ కలిపి 1,600 గ్రాముల ఇంధనం, తయారీకి 72 గ్రాముల రసాయనాలు, 32 లీటర్ల నీళ్లు. వేలి గోరంత చిప్పుకు రెండు బిందెల నీళ్లు! ఇది పాతకాలపు 32 మెగాబైట్ల చిప్పు లెక్క. అంకెలు ఇప్పుడు మారి ఉంటాయి గానీ, సరుకు బరువుకూ దాని తరుగు బరువుకూ పొంతన లేదన్న సత్యం మారలేదు.

తైవాన్‌లో తావొయువాన్ అనే చోట 1970 నుంచి 1992 దాకా ఆర్‌సీఏ అనే అమెరికన్ కంపెనీ పేరుతో టీవీ భాగాల ఫ్యాక్టరీ నడిచింది. సర్క్యూట్ బోర్డులు కడగడానికి వాడిన ద్రావకాలు భూమిలోకి దిగాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక, 1994లో ఆ సంగతి బయటపడింది. అక్కడ పనిచేసిన ఆడవాళ్లలో ఎందరో కేన్సర్ల బారిన పడ్డారు. పరిహారం చెల్లించాలని తైపే కోర్టు చెప్పేసరికి 2015 వచ్చింది. కంపెనీ అప్పటికే రెండుసార్లు చేతులు మారింది. ఉద్యోగం అయిపోయినా, కంపెనీ పోయినా, నేలలోని విషం మాత్రం అక్కడే ఉంది.

ఇప్పుడు తెలంగాణకు ఈ పరిశ్రమ పెద్ద ఎత్తున వస్తోంది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మే 15న శంకుస్థాపన జరిగింది. ఆ ఫ్యాక్టరీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉద్యోగాలు రావాలి, మా పల్లెల ఆడపిల్లలు కూడా అక్కడ పనిలో చేరాలి. వచ్చే రోజే లెక్క పుస్తకం తెరిచి ఉంచమని అడగడం శత్రుత్వం కాదు. పటాన్‌చెరులో మొదటి రోజున ఎవరూ అడగలేదు.

లెక్కలు అసలే లేవా అంటే ఉన్నాయి. షేర్ మార్కెట్లో విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి తమ నీరు, కరెంటు, వ్యర్థాల వివరాలు ఏటా ప్రకటించాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. దాన్ని నేను స్వాగతిస్తున్నాను. కాకపోతే అందులో ప్రధానమైన కొలమానం ఒకటి అమ్మకాల్లో రూపాయికి ఎంత నీరు, ఎంత వ్యర్థం అన్నది. ఒక కంపెనీ సరుకు ధర పెంచి వంద కోట్ల అమ్మకాలను నూట ఇరవై కోట్లు చేసుకుందనుకోండి. నీళ్లు పోయిన ఏడాది తోడినన్నే తోడినా కాగితం మీద వాడకం తగ్గినట్టు కనిపిస్తుంది. పక్క బోరులో నీటిమట్టం అంతే దిగి ఉంటుంది. అందుకే మొత్తం లీటర్లు, మొత్తం కిలోలు ముందు చెప్పాలి, రూపాయి లెక్క ఆ తర్వాత.

దీనికంటే పాతది, మనకు దగ్గరిది మరొకటుంది. ఫారం-5. కాలుష్య మండలి అనుమతితో నడిచే ప్రతి యూనిట్ మార్చి 31తో ముగిసిన ఏడాదికి పర్యావరణ నివేదికను సెప్టెంబరు 30లోగా రాష్ట్ర మండలికి ఇవ్వాలి. 1992లో వచ్చిన నిబంధన ఇది. మరుసటి ఏడాది సవరించారు. అందులో ఏముందో ఒకసారి చూడండి. రోజుకు ఎంత నీరు వాడారు, ఒక్కో సరుకుకు ఎంత నీరు, ఎంత ముడిసరుకు పట్టింది, ఏయే కాలుష్యం ఎంత వదిలారు, ప్రమాదకర వ్యర్థం ఎంత, దాన్నెక్కడ పారేశారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, కాలుష్యాన్ని తగ్గించేందుకు తీసుకున్న చర్యల వల్ల సహజ వనరుల పొదుపు మీద, తయారీ ఖర్చు మీద పడిన ప్రభావం ఎంత అని అడిగే గడి. పర్యావరణ లెక్కలని ప్రపంచం ఇవాళ చెబుతున్న దాని సారమంతా ఆ ఒక్క గడిలో ఉంది. ముప్పై ఏళ్లుగా మన చట్టంలో ఉంది. పెట్టుబడి పెట్టినవాడికి బ్యాలెన్స్ షీట్ పంపుతారు. నేల, నీరు పెట్టిన ఊరికి ఫారం-5 పంపరు.

లెక్కకు మరో కొస ఉంది. అది మా అల్లాదుర్గ్ దాకా వస్తుంది. మా మండలంలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ లేదు గానీ ఫ్యాక్టరీ సరుకు లేని ఇల్లు లేదు. ఒకప్పుడు ఈసీ టీవీ ఉన్న ఇంటి ముందు ఆదివారం సినిమాకు వాడంతా చేరేది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ చేసిన టీవీ అని గర్వంగా చెప్పుకునేవాళ్లం. అలాంటి పాత డబ్బా టీవీలను ఇప్పుడు పాత సామాన్ల బండివాళ్లు తూకానికి కొంటున్నారు. పిక్చర్ ట్యూబు గాజులో కిలో, రెండు కిలోల దాకా సీసం ఉంటుంది. రాగి కోసం తీగలు కాల్చి, గాజు పగలగొట్టి ఏ గుంతలోనో పోస్తే ఆ సీసం ఎవరి ఖాతాలో పడుతుంది?

2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఈ-చెత్త వచ్చిందని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఈ-చెత్త శుద్ధి బాధ్యత తయారీదారే మోయాలి. శుద్ధిదారు దగ్గర సర్టిఫికెట్లు కొని లెక్క చూపాలి. ఆ సర్టిఫికెట్లు బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం లోహాలకే ఉన్నాయి. సీసం, పాదరసం ఆ లెక్కలోకి రాలేదు. అమ్ముకుంటే డబ్బొచ్చే లోహాలకు లెక్క కట్టి, మనిషికి హాని చేసేవాటిని వదిలేయడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

శుద్ధిదారుకు కంపెనీలు కిలోకు కనీసం 22 రూపాయలు చెల్లించాలని 2024లో కేంద్రం ధర కట్టింది. ఖర్చు అనేక రెట్లు పెరుగుతుందంటూ శాంసంగ్, ఎల్‌జీ, డైకిన్ వంటి పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కోర్టుకు వెళ్లడం వాళ్ల హక్కు. అదే ఏడాది సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300, అంటే కిలోకు 23 రూపాయలు. ఒక కిలో వడ్లు పండించడానికి రైతుకు ఆ ఏడాది ఇచ్చినదానికంటే రూపాయి తక్కువే, ఒక కిలో పాత టీవీని విషం వదలకుండా విప్పడానికి అడుగుతున్నారు. అది కూడా మోయలేమంటే, ఆ ఖర్చును ఇన్నాళ్లూ మోసింది పొగలో కూర్చుని తీగలు ఒలిచే మనుషులే.

పారిశ్రామికవాడల పక్కన ఉంటూ ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీ పక్క ఫ్యాక్టరీ ఫారం-5 నకలు కావాలని కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తెలుగులో రాసినా తీసుకోవాలి. వచ్చిన అంకెలను గ్రామసభలో చదివి వినిపించండి. పోయిన ఏడాదివి, ఈ ఏడాదివి పక్కపక్కన పంచాయతీ బోర్డు మీద రాయించండి. కాంటా పక్కన నిలబడి బస్తా లెక్క చూసుకున్నట్టే అదీ చూసుకోవాలి. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.